ముట్టుకోవద్దన్న మాట

పోయిన వారం మిమ్మల్ని పిల్లల నరాల డాక్టరమ్మ గది బయట, చెక్క బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. పాపం, వారం రోజులుగా అక్కడే ఉన్నారు. ఇంక లేవండి, మమ్మల్ని లోపలికి పిలిచారు.

మమ్మల్ని అంటే నన్ను, మా చెల్లెల్ని, చెల్లెలి ఒళ్ళో నిద్రపోతున్న రెండేళ్ళ గుండుగాడిని, నా వేలు పట్టుకున్న తొమ్మిదేళ్ళ మిరియాన్ని. మిరియం మా చెల్లెలి కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండి, ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చింది. మిరియపు గింజలా ఉన్నావే అని నేనే ఆ పేరు పెట్టాను. బడిలో ఇంకో పేరుంది, దాన్ని టీచర్లు తప్ప ఎవరూ వాడరు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి. మిరియం ఏడో ఏట నుంచి మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది. వీపు నిటారుగా, మోచేతులు వంచుకుని, మడమ నేలకు ఆనకుండా నడుస్తుంది. బడిలో పిల్లలు కోడిపుంజు అన్నారు. తరవాత చేతిరాత చెడింది, మాట ముద్దయింది. ఎన్నో పరీక్షల తరవాత, నాలుగు నెలల కిందట ఒక రిపోర్టు వచ్చింది. రక్తంలో మాంగనీసు అనే లోహం ఉండాల్సినదానికన్నా చాలా రెట్లు ఎక్కువ ఉందని. అది వినగానే ఇంట్లో అందరూ బిక్కమొహాలు వేశారు, నేను తప్ప. ఎందుకంటే నాకు ఆ పేరు తెలుసు. నేను వెల్డింగ్ షాపులకు తోలు ఏప్రన్లు, చేతి తొడుగులు కుడతాను. వెల్డింగ్ రాడ్ల పెట్టె మీద ఆ పేరు చదివాను. మా చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, వెల్డరు. ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదన్నాను. అతని బట్టల మీద ఇంటికొచ్చే దుమ్మే పిల్లని తినేస్తోందని తేల్చేశాను. అప్పట్నుంచి మా మరిది షాపు పైనున్న అటక మీద పడుకుంటున్నాడు.

ఇంతవరకూ మీకు తెలిసిందే. అతను ఇల్లు వదిలి ఎలా వెళ్ళాడన్నది మాత్రం నేను మీకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఈ వారం చెప్పక తప్పదు.

డాక్టరమ్మ గదిలో గోడకి తెల్లటి వెలుగు పలక ఒకటి ఉంది. దాని మీద మిరియం మెదడు ఫిల్ము పెట్టింది. బూడిద రంగు బొమ్మలో నడి మధ్యన, అటొకటి ఇటొకటి, రెండు తెల్లటి మచ్చలు.

"ఇక్కడ ఇలా మెరవకూడదు," అంది. "మాంగనీసు పేరుకుంటేనే ఇలా కనిపిస్తుంది. కాళ్ళు చేతులు ఎలా కదలాలో చెప్పేది మెదడులో ఈ చోటే."

"అదేనండీ, ఆ రాడ్ల పొగ..." అని నేను అందుకున్నాను.

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "పొగ కాదమ్మా. రెండు నెలల కిందట ముగ్గురి రక్తం పంపాం కదా, పాపది, అమ్మది, నాన్నది. ఆ జన్యు పరీక్ష వచ్చింది. ఇది పుట్టుకతో వచ్చిన లోపం."

చెల్లెలు గుండుగాడిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. మనం తినే ప్రతి తిండిలో మాంగనీసు కొంచెం ఉంటుందట. ఒంటికి అది కొంచెం కావాలట కూడా. మిగిలినదాన్ని లివరు పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. అలా తోసెయ్యడానికి కణానికి ఒక తలుపు ఉంటుందనుకోండి, మిరియానికి పుట్టుకతోనే ఆ తలుపు తెరుచుకోదు. వచ్చింది వచ్చినట్టే లోపల ఉండిపోతుంది. ముందు లివర్లో, తరవాత మెదడులో.

"వెల్డింగ్ పొగ ఏళ్ళ తరబడి పీల్చిన పనివాళ్ళకి జబ్బు రావడం ఉంది, లేదనను. కానీ బట్టల మీద దుమ్ముతో పాప ఒంట్లోకి ఇంత చేరదు. పైగా ఈ రక్తం చూడండి. హిమోగ్లోబిన్ పన్నెండు, పదమూడు ఉండాల్సింది పందొమ్మిది ఉంది. లివరు గట్టిపడుతోంది. పొగ వల్ల రక్తం ఇలా చిక్కబడదు. ఈ లోపానికే అది గుర్తు."

పందొమ్మిది! మిరియం బుగ్గలు ఎర్రగా ఉంటే, పిల్లకి రక్తం బాగా పట్టింది, అంతా నా చేతి చలవ అని వీధంతా చెప్పుకున్నదాన్ని నేను.

అయినా నా నోరు ఊరుకుంటుందా? "ఎవరి వైపు నుంచి వచ్చిందండీ?" అని అడిగాను. అడిగేటప్పుడు నా మనసులో జవాబు సిద్ధంగానే ఉంది, మీకు తెలుసు.

"రెండు వైపుల నుంచీ. నాన్న దగ్గర్నుంచి ఒకటి, అమ్మ దగ్గర్నుంచి ఒకటి. ఒక్కటే ఉన్నవాళ్ళకి ఏమీ కాదు, జీవితమంతా తెలియను కూడా తెలియదు. రెండూ కలిసిన బిడ్డకే కష్టం. మీరు ఈవిడ అక్కయ్య కదా? మీలోనూ ఒకటి ఉండి ఉండొచ్చు."

తల కొట్టేసినట్టయింది. మా అమ్మ వైపో, మా నాన్న వైపో, ఎవరో ఒకరు మా చెల్లెలి చేతికి దీన్ని అందించి వెళ్ళారు. నాలుగు నెలలుగా నేను ఒక మనిషిని వేలెత్తి చూపిస్తుంటే అందులో సగం మా ఇంట్లోనే ఉంది.

తరవాత డాక్టరమ్మ తిండి గురించి చెప్పింది. బాదం, జీడిపప్పు, వేరుశెనగ, ముడి ధాన్యాలు, చాక్లెట్లు తగ్గించమంది. వాటిల్లో మాంగనీసు ఎక్కువట. పిల్లకి బలం వస్తుందని రోజూ గుప్పెడు బాదం నానబెట్టి, పొట్టు తీసి, దగ్గర కూర్చుని తినిపించింది ఎవరనుకున్నారు? నేనే. ఆ పొట్లం అప్పుడు కూడా నా సంచిలో ఉంది. సంచి మీద చెయ్యి వేసి అణిచిపెట్టుకున్నాను. ఇంకో సంగతి చెప్తే మీరు నవ్వుతారు. ఇనుము మందు వాడాలంది. ఇనుము ఎక్కువగా ఉంటే ఒళ్ళు మాంగనీసుని తక్కువ లాక్కుంటుందట. నేను లోహమంటేనే భయపడి నాలుగు నెలలుగా ఇంట్లో ఇనప మూకుడు కూడా ఉండనివ్వలేదు.

చివరికి అసలు మాట వచ్చింది. సోమవారం నుంచి అయిదు రోజులు, రోజుకి కొన్ని గంటలు, చేతి నరంలోకి మందు ఎక్కించాలి. ఆ మందు లోహాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కొస్తుంది. ప్రతి నెలా అలాగే.

"నయమవుతుందా?" అంది చెల్లెలు. ఆ గదిలో అది మాట్లాడిన మొదటి మాట అదే.

"పాడైనదంతా తిరిగి బాగవుతుందని అబద్ధం చెప్పను. ఇంకా పాడవకుండా ఆపొచ్చు. కొంత వెనక్కి కూడా రావచ్చు, కొందరు పిల్లలు బాగా మెరుగయ్యారు. ఆలస్యం చేస్తే మాత్రం లివరు మన మాట వినదు." డాక్టరమ్మ మిరియం చెయ్యి పట్టుకుని మెల్లగా వంచి చూసింది. "పోయినసారి సూది పెడితే చెయ్యి మెలి తిరిగి మూడుసార్లు ఊడిపోయింది కదా. ఈసారి ఎవరైనా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంటల తరబడి కదలకుండా పట్టుకోవాలి. బలం ఉండాలి, పాపకి నమ్మకం ఉండాలి. అమ్మకి బాబు ఉన్నాడు. నాన్నని రమ్మనండి. బాబుకీ పరీక్ష చెయ్యాలి, ఇవాళే రక్తం ఇచ్చి వెళ్ళండి."

వరండాలోకి వచ్చాక చెల్లెలు ఏడవలేదు. గుండుగాడి వేలికి అంటించిన దూదిని సరిచేస్తూ, "ఆయనకి నువ్వే చెప్పిరా అక్కా," అంది. "ఆయన తప్పు లేదని చెప్పు. పిలవడం మాత్రం నేను పిలవను. పిల్లకి జబ్బనగానే దులుపుకుని పోయిన మనిషిని కాళ్ళు పట్టుకుని తెచ్చుకోను. తనంతట తను వస్తే రానీ."

మా మరిది దులుపుకుని పోలేదు.

ఇదీ నేను మీ దగ్గర కూడా దాచిన సంగతి. నాలుగు నెలల కిందట, ఆ రిపోర్టు వచ్చిన మర్నాడు, చెల్లెలు పిల్లతో ఆసుపత్రిలో ఉండగా, నేను మా మరిది బట్టలు ఒక సంచిలో కుక్కి షాపుకి పట్టుకెళ్ళాను. "చెల్లి రావద్దంది. పిల్ల బతకాలంటే నువ్వు గడప తొక్కకూడదంది," అని చెప్పాను. చెల్లెలు ఆ మాట అనలేదు. సాయంత్రం చెల్లెలు ఇంటికి రాగానే, "మీ ఆయన భయపడిపోయాడే, పిల్లకి తగ్గేదాకా దూరంగా ఉంటానని తనే బట్టలు సర్దుకుపోయాడు," అని చెప్పాను. అతనూ ఆ మాట అనలేదు.

ఫోన్లు లేవా అంటారు. ఉన్నాయి. రోజూ మాట్లాడుకున్నారు కూడా. రక్తం ఇచ్చావా, మందు తెచ్చావా, పిల్ల తిన్నదా. అంతే. ఎందుకు పొమ్మన్నావని అతను అడగలేదు, ఎందుకు పోయారని ఇది అడగలేదు. ఒక్క మాట అడిగితే నా బండారం బయటపడేది. దీనికి అభిమానం, అతనికి భయం. ఆ రెంటి మధ్యా నేను హాయిగా బతికాను.

పిల్ల మీద ప్రేమతో చేశానని చెప్పుకోవచ్చు. సగం నిజం అదే. మిగతా సగం ఏమిటంటే, మా ఆయన పోయాక ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని ఉన్నాను నేను. మా మరిది వెళ్ళిపోయాక ఇంట్లో నా మాటే మాటయింది. ఏం వండాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో, పిల్ల ఏం తినాలో, అన్నీ నేనే. అది నాకు నచ్చింది. చెప్పేశాను, ఇంక తిట్టుకోండి.

సోమవారం సూది గురించి మిరియానికి దారంతా ధైర్యం చెప్తూ, చెల్లెల్నీ పిల్లల్నీ రిక్షాలో ఇంటి దగ్గర దింపి, ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్ళాను.

షాపు ముందు సగం పూర్తయిన గేటు ఒకటి రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టి ఉంది. మా మరిది మొహానికి నల్ల అద్దం డాలు అడ్డం పెట్టుకుని అతుకు వేస్తున్నాడు. నీలం వెలుగు కళ్ళలో పొడిచింది. నేను తల తిప్పుకుని నిలబడ్డాను. అతుకు పూర్తయ్యాక డాలు దించి నన్ను చూశాడు. చూసిన వెంటనే లేచి మూడడుగులు వెనక్కి వేశాడు.

"వదినా, అక్కడే ఉండండి. గాలి అటువైపు వీస్తోంది. ఆ గుమ్మం పక్కకి జరగండి, మీ బట్టలకి దుమ్ము పడుతుంది. మళ్ళీ అవే బట్టలతో పిల్ల దగ్గరికి వెళ్తారు కదా."

నేనే నేర్పిన జాగ్రత్త అది. నేను జరగలేదు.

"పిల్లకేమైంది?" అన్నాడు. "మీరు ఊరికే రారు. చెప్పండి."

నాకు తెలిసిన భాషలో అంతా చెప్పాను. తలుపు సంగతి, లివరు సంగతి, తెల్లటి మచ్చల సంగతి, పందొమ్మిది సంగతి. చేతిలోని రాడ్డు ముక్కని నలుపుతూ విన్నాడు. వేళ్ళు పగిలిపోయి ఉన్నాయి. పెట్రోలుతో, సోడాతో, దొరికిన ప్రతిదానితో కడుక్కుంటున్నాడని పక్క షాపువాడు ఇంతకుముందే నాతో అన్నాడు.

"అంటే నా బట్టలు కాదు."

"కాదు."

"నా చేతులు కాదు."

"కాదయ్యా. నీ పని కాదు, నీ పొగ కాదు. డాక్టరమ్మ రాసి ఇచ్చింది."

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. లేకపోతే నన్ను నానా మాటలూ అంటాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. గేటు అంచు మీద కూలబడ్డాడు.

"బట్టలైతే ఉతుక్కున్నాను వదినా. రోజుకి మూడుసార్లు ఉతుక్కున్నాను. ఇప్పుడు రక్తం అంటున్నారు. దాన్ని ఎక్కడ ఉతకను?"

"నీ ఒక్కడిదే కాదు. సగం నీది, సగం మాది. మా చెల్లెలిది. నాలోనూ ఉందేమో."

"ఆవిడకి తెలుసా?"

"డాక్టరమ్మ చెప్పినప్పుడు పక్కనే ఉంది."

పైన కొక్కేనికి ఒక చిన్న నడక బండి వేలాడుతోంది. సన్న గొట్టాలతో, చేతి పట్టు దగ్గర గుడ్డ చుట్టి, మిరియం ఎత్తుకి సరిగ్గా కొలిచి చేశాడు. రెండు నెలల కిందట ఇంటికి పంపితే, "చెల్లి వద్దంది," అని నేను వీధి గుమ్మం నుంచే తిప్పి పంపాను. అది చూడలేక తల దించుకున్నాను.

సోమవారం సంగతి చెప్పాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకోవాలని, పోయినసారి సూది ఎన్నిసార్లు ఊడిందో, పిల్ల ఎలా అరిచిందో చెప్పాను.

"నేను పట్టుకుంటాను. నా చెయ్యి వణకదు," అని లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "కానీ ఆవిడ రమ్మనాలి కదా."

"ఏమిటీ?"

"పెళ్ళయి పన్నెండేళ్ళు వదినా. ఎన్ని గొడవలు పడ్డాం, ఎప్పుడూ ఏ మాటైనా నా మొహం మీదే అంది. ఈ ఒక్క మాటా మీతో చెప్పి పంపింది. పిల్ల బతకాలంటే గడప తొక్కకు అని. నేను తప్పు పట్టలేదు. కన్నతల్లి, అంటుంది. కానీ నన్ను పురుగుని చూసినట్టు చూసిందే అని... రోజూ అటక ఎక్కగానే ఆ మాటే వినిపిస్తుంది. ఇప్పుడు జబ్బు నా రక్తంలో ఉందని తెలిశాక ఇంకా అసహ్యించుకుంటుందేమో. తన నోటితో రమ్మంటే వస్తాను. లేకపోతే ఆసుపత్రిలో సీను చెయ్యడం నాకిష్టం లేదు."

ఇంకో అబద్ధం నా నాలుక చివరే ఉంది. 'చెల్లే పంపింది, రమ్మంది' అంటే చాలు. అతను వచ్చేవాడు. నా గుట్టు నా దగ్గరే ఉండేది, నా మూల నాకుండేది. ఒక అబద్ధం ఆడినదానికి రెండోది ఎంతసేపు?

కానీ అతను రోజూ తలుచుకుని కుమిలిపోతున్న ఆ మాట, ఆ రోజు బట్టల సంచితో రిక్షాలో వస్తూ దారిలో నేను అల్లిన మాట. ఎలా అంటే గట్టిగా తగులుతుందా అని రెండుమూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను కూడా. ఆ మనిషి మొహం చూస్తూ ఇంకోటి అల్లడం నా వల్ల కాలేదు.

"అది చెల్లి అనలేదు," అన్నాను.

"ఏది?"

"గడప తొక్కొద్దన్న మాట. నేనే అన్నాను. దానికి తెలియదు. నువ్వే భయపడి వెళ్ళిపోయావని దానితో చెప్పాను. నడక బండి వద్దన్నది కూడా నేనే. అది ఇంటికి వచ్చిందని కూడా దానికి తెలియదు."

అతను తిట్టాలి కదా. తిట్టి ఉంటే నాకే నయంగా ఉండేది. సుత్తి తీసుకుని, ఇందాక వేసిన అతుకు మీది పెచ్చుని కొట్టడం మొదలుపెట్టాడు. పెచ్చు మొత్తం ఊడిపోయింది. అయినా కొడుతూనే ఉన్నాడు. పక్క షాపువాడు బయటికి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయాడు.

"తోలు కుట్టినట్టు కుట్టారు కదా వదినా," అన్నాడు చివరికి. "ఎక్కడా కుట్టు కనబడలేదు."

"తప్పయిపోయిందయ్యా."

"వయసులో పెద్దవారు. లేకపోతే..." సుత్తి కింద పడేశాడు. "నాతో తప్పయిందంటే సరిపోదు. పదండి. నాకు చెప్పింది చెప్పినట్టు ఆవిడకీ చెప్పండి, నా ముందు. ఒక్క ముక్క తగ్గినా నేను ఒప్పుకోను."

పంపు దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. పగుళ్ళలోకి సబ్బు వెళ్తే మొహం చిట్లించాడు. ఇంక కడుక్కోనక్కర్లేదని చెబుదామనుకుని, చెప్పే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టుకున్న ఉతికిన బట్టలు వేసుకున్నాడు. నడక బండి దించి భుజాన వేసుకున్నాడు. దారి పొడుగునా నాకు రెండడుగులు ముందే నడిచాడు. నాలుగు వీధులూ దాటేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. తొక్కినప్పుడు తెలియలేదు. కడుక్కోవడానికి వెళ్తుంటే ఆ నాలుగు వీధులూ నలభైలా ఉన్నాయి.

చెల్లెలు ముందు గదిలో కింద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. గుండుగాడు ఒక మడత విప్పేస్తే మళ్ళీ మడుస్తోంది. గుమ్మంలో మొగుణ్ణి చూసి దాని చేతులు ఆగిపోయాయి.

"వచ్చారా," అంది. అంతే. కానీ గబగబా లేవబోయి, లేచేటప్పుడు మడత పెట్టినవన్నీ కింద పడేసింది.

"వచ్చాను. మీ అక్క ఏదో చెప్తుందట. విను."

ఆ మాట అనేసి అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను. అతనికి చెప్పినట్టే చెప్పాను, తగ్గించకుండా. రిక్షాలో మాట అల్లుకున్న సంగతి కూడా చెప్పాను, అది అతనికి కూడా చెప్పలేదు. చెప్తున్నంతసేపూ చెల్లెలు నా మొహం వైపే చూసింది. చిన్నప్పుడు మా అమ్మ కొట్టబోతే నా వెనక దాక్కునేది అది. దాని కళ్ళలో నేనెప్పుడూ చూడనిది ఒకటి ఆ పూట చూశాను.

"నాలుగు నెలలు అక్కా," అంది. "రోజూ ఆయన్ని తిట్టుకుంటూ పడుకున్నాను. నువ్వు పక్క మంచం మీంచి, మగాళ్ళంతేలే, పడుకో అనేదానివి."

నేను కింద పడ్డ బట్టలు ఏరబోయాను.

"నా జుట్టు నిమిరి మరీ అనేదానివి."

"పిల్ల కోసమేనే..."

"పిల్ల పేరెత్తకు." గొంతు పెంచలేదు. గుండుగాడిని ఎత్తుకుని భుజాన వేసుకుంది. "సోమవారం గడవనీ. పిల్లకి అయిదు రోజులు మందు ఎక్కాలి, నాకిప్పుడు కొట్లాడే ఓపిక లేదు. ఆ తరవాత నువ్వు ఈ ఇంట్లో ఉండాలో వద్దో మాట్లాడుకుందాం."

మా మరిది ఏదో అనబోయాడు. నా వైపు మాట్లాడబోయాడనే నా అనుమానం. అతని గుణం అలాంటిది, అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. కానీ అనేలోపే లోపలి గది తలుపు కిర్రుమంది.

మిరియం నిలబడి ఉంది. ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని, మునివేళ్ళ మీద, వీపు నిటారుగా. తండ్రి గొంతు విని వచ్చింది. మొహమంతా నవ్వు. ఈ జబ్బు దాని పెదాల్ని బిగబట్టింది కనక ఆ నవ్వు సగం దగ్గరే ఆగుతుంది, కళ్ళు మిగతాది పూర్తి చేస్తాయి.

"నాన్నా!"

అతను మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. నడక బండి పక్కన పెట్టి రెండు చేతులూ చాపాడు. "రా తల్లీ. రా. మెల్లగా."

అది చట్రం వదిలింది. ఒక అడుగు, ఇంకో అడుగు, మోచేతులు రెక్కల్లా వంచుకుని. మూడో అడుగు పడితే అతని చేతికి అందేది. అక్కడ ఆగిపోయింది. ఊగిపోతోంది, పడిపోయేలా ఉంది, అయినా అతని చేతులు పట్టుకోలేదు. తన చేతులు రెండూ వీపు వెనక్కి దాచుకుంది.

"ముట్టుకోకు నాన్నా."

"ఏం తల్లీ?"

"నీ చేతులకి విషం ఉంటుంది. నువ్వు ముట్టుకుంటే నా కాళ్ళు ఇంకా వంకర పోతాయి." ముద్ద ముద్దగా, కానీ ప్రతి అక్షరం తెలిసేలా అంది. "నువ్వు వచ్చినా సరే దగ్గరికి వెళ్ళకూడదని పెద్దమ్మ ఒట్టు వేయించుకుంది."

అవును, వేయించుకున్నాను. మా మరిదికి చెప్పిన అబద్ధం ఒప్పుకున్నాను, చెల్లెలికి చెప్పినది ఒప్పుకున్నాను. ఇది మర్చేపోయాను. పిల్లకి బాదం పప్పు తినిపిస్తూ, రోజుకొకసారి, పాఠంలా చెప్పిన మాట.

మా మరిది చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. ముందుకి జరిగితే పిల్ల వెనక్కి పడుతుంది. పగిలిన ఆ వేళ్ళ వైపు ఒకసారి తనే చూసుకున్నాడు. అతనూ చెల్లెలూ నా వైపు తిరిగారు.

నేను వెళ్ళి పిల్ల ముందు కూర్చున్నాను. "ముట్టుకోవచ్చమ్మా. నాన్న చేతులకి ఏమీ లేదు. ఇవాళ డాక్టరమ్మ చెప్పింది, నువ్వూ అక్కడే ఉన్నావు కదా. పెద్దమ్మ తెలియక తప్పు చెప్పింది. అది నిజం కాదు."

"అబద్ధమా?"

"అబద్ధమే తల్లీ."

మిరియం నన్ను చాలాసేపు చూసింది. ఎన్నేళ్ళుగానో నేను ఏది తినమంటే అది తిని, ఏది మింగమంటే అది మింగిన పిల్ల. దాని మొహంలోంచి నవ్వు పూర్తిగా పోయింది. చేతులు వీపు వెనకే ఉన్నాయి.

"మరి సోమవారం పెట్టే సూది మంచిదే, దాంతో నాకు తగ్గుతుంది, ఏడవకుండా పెట్టించుకోవాలి అన్నావు కదా, ఇందాక రిక్షాలో," అంది. "అది కూడా నువ్వే చెప్పావు పెద్దమ్మా."